జంషెడ్జీ టాటా: యోగక్షేమములెఱిగిన వర్తకుడు

యోగము, క్షేమము అను రెండు మాటలను మనవారు జంటగా వాడుచుందురు. బంధువులకు జాబు వ్రాయునపుడు మొట్టమొదట విచారించునది యోగక్షేమములనే. కాని యీ రెంటికిని అర్థభేదము కలదని పలువురు గమనింపరు. లేనిదానిని సంపాదించుట యోగము. సంపాదించినదానిని చెడకుండ కాపాడుట క్షేమము. రాజనీతి వ్రాసిన ప్రాచీనులు ప్రభువునకు ఈ రెండింటిని ధర్మముగా విధించిరి. విచారించి చూడగా ఈ ధర్మము వర్తకునకును సమానముగనే వర్తించును. దుకాణము గాని, బియ్యపుమర గాని, అచ్చుకూటము గాని, నూలుమిల్లు గాని యొక చిన్న రాజ్యమే. అందును ప్రజలు కలరు, కోశము కలదు, శత్రువులు కలరు, కఱవుకాలములు కలవు.

నేటి కళాశాలలలో ఈ విద్యను వ్యాపార నిర్వహణశాస్త్రమను పేర బోధించుచున్నారు. శాస్త్రమును గ్రంథమున చదువుట యొక యెత్తు. దూది దుమ్ములో, యంత్రముల రొదలో, నానావిధ స్వభావములు గల మనుష్యుల నడుమ దానిని ఆచరించుట మఱియొక యెత్తు. ఆ శాస్త్రమునకు మన దేశమున పాఠశాలలు పుట్టకపూర్వమే దానిని ఆచరించి చూపిన మహనీయుడు జంషెడ్జీ నసర్వాన్జీ టాటా. ఆయన పేర వెలసిన ఉక్కు కర్మాగారమును, నగరమును ఎఱుగనివారు లేరు. కాని ఆయన యొక నూలుమిల్లును దినదినము ఎట్లు నడిపించెనో యెఱిగినవారు కొలదిమందియే. ఆయన గొప్పతనమునకు మూలము అచ్చట కలదని నా నమ్మకము. కావున ఈ చరిత్రమున ఆ భాగమునే విస్తరించి చెప్పుచున్నాను.

బాల్యము, విద్య

జంషెడ్జీ 1839వ సంవత్సరము మార్చి 3వ తేదీన గుజరాతు దేశమందలి నవసారి పట్టణమున జన్మించెను. వారిది పారసీకుల పురోహిత వంశము. తరతరములుగ అగ్నిని సేవించుచు వచ్చిన యా కుటుంబమున పౌరోహిత్యము విడిచి వర్తకమునకు దిగిన మొదటివాడు ఆయన తండ్రి నసర్వాన్జీ. ఆయన బొంబాయి చేరి చిన్న వ్యాపారము పెట్టుకొనెను. కుమారుడు పదునాలుగేండ్ల ప్రాయముననే తండ్రి యొద్దకు వచ్చి, ఎల్ఫిన్‌స్టను కళాశాలలో చేరి, 1858లో చదువు ముగించెను. గ్రంథపఠనమునందు ఆయనకు గల యాసక్తి కడవఱకు తగ్గలేదు.

చదువు ముగియగానే తండ్రి వ్యాపారమున ప్రవేశించి 1859లో హాంగుకాంగునకు పోయెను. అచ్చటికి మనదేశమునుండి పోవు సరకులు ప్రత్తియు, నల్లమందును. అచ్చటినుండి వచ్చునవి తేయాకు, పట్టు, కర్పూరము మొదలగునవి. నల్లమందు వర్తకము నేడు మనకు రోతగా తోచును. ఆనాటి బొంబాయి వర్తకులలో అది సామాన్యము. చరిత్రము వ్రాయువాడు దీనిని దాచిపెట్టుట తగదు.

తొలి దెబ్బ

1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టెను. లాంకషైరు మిల్లులకు అమెరికా ప్రత్తి అందదయ్యెను. తత్ఫలముగ మనదేశపు ప్రత్తి వెల విపరీతముగ పెఱిగి, బొంబాయి నగరమున ధనవర్షము కురిసెను. బ్యాంకులు పుట్టగొడుగులవలె లేచెను. వాటాల జూదమున మునుగని వర్తకుడు అరుదు. ఆ కాలముననే జంషెడ్జీ వ్యాపారకార్యములమీద లండనునకు పోయెను. 1865లో యుద్ధము ముగిసెను. ప్రత్తి వెల ఒక్కపెట్టున కూలెను. బొంబాయిలో నిన్నటి లక్షాధికారులు నేడు ఋణగ్రస్తులైరి. జంషెడ్జీ చేతనున్న హుండీలు వట్టి కాగితములయ్యెను.

ఇరువదియాఱేండ్ల యువకుడు పరదేశమున ఇట్టి యాపదలో చిక్కినపుడు ఏమి చేయును? జంషెడ్జీ ఋణదాతల యొద్దకు తానే పోయి ఉన్నదున్నట్లు లెక్క చెప్పెను. ఆ నిష్కాపట్యమును చూచి వారు ఆయననే ఆ లెక్కలు పరిష్కరించు పనిలో నియమించిరి. ఇచ్చట బొంబాయిలో తండ్రి ఇల్లు అమ్మి అప్పులు తీర్చెను. ధనము పోయెను గాని మాట పోలేదు. వర్తకునకు నమ్మకమే మూలధనమని, అది లెక్కపుస్తకమున కనబడకున్నను తక్కిన ధనమంతయు దానిపైననే నిలుచునని జంషెడ్జీ ఈ దెబ్బచేత గ్రహించెను.

ఆ తరువాత అబిసీనియా దండయాత్రకు పోవు సైన్యమునకు సామగ్రి సమకూర్చు కంట్రాక్టులో భాగము దొరకి కుటుంబము కోలుకొనెను. 1868లో జంషెడ్జీ 21,000 రూపాయల మూలధనముతో తన సొంత వర్తకసంస్థను స్థాపించెను. 1869లో బొంబాయి చించ్‌పోక్లీలో దివాలాతీసిన నూనెమిల్లునొకదానిని కొని, దానిని నూలుమిల్లుగా మార్చి, అలెగ్జాండ్రా మిల్లు అను పేరు పెట్టెను. రెండేండ్లకు దానిని లాభమునకు అమ్మివేసెను. ఇది యోగము మాత్రమే. ఒకదానిని పట్టుట, బాగుచేయుట, అమ్ముట. ఇంతటితో తృప్తిపడియున్నచో ఆయన బొంబాయి ధనికులలో ఒకడై మఱవబడియుండెడివాడు. ఆయన అట్లు తృప్తిపడక, మఱల ఇంగ్లండు పోయి లాంకషైరు మిల్లులను స్వయముగ పరిశీలించి వచ్చెను.

స్థలనిర్ణయము

ఆ కాలమున మిల్లు పెట్టదలచిన ప్రతివాడును బొంబాయిలోనే పెట్టుచుండెను. ప్రత్తి యెక్కడనో లోపలి సీమలలో పండును. అది రైలుమీద సముద్రతీరమునకు వచ్చును. అచ్చట నూలుగా, బట్టగా మాఱి మఱల రైలెక్కి లోపలి సీమలకే పోవును. ఈ రాకపోకల ఖర్చును అందఱును విధివ్రాతవలె భరించుచుండిరి. జంషెడ్జీ దీనిని ప్రశ్నించెను. ప్రత్తి పండుచోటు సమీపమున ఉండవలెను, బొగ్గు సమీపమున ఉండవలెను, రైలుమార్గము ఉండవలెను, సరకు కొనువారు చుట్టుప్రక్కల ఉండవలెను. ఈ నాలుగు లక్షణములను ముందు వ్రాసికొని, తరువాత ఊరిని వెదకిన విధమున ఆయన నడచెను. నాగపూరు నిశ్చయమయ్యెను. అచ్చట చుట్టును ప్రత్తిచేలు. వరోడా బొగ్గుగనులు దూరము కావు. బొంబాయినుండి రైలు అప్పటికే వచ్చియున్నది.

1874లో 15 లక్షల రూపాయల మూలధనముతో కంపెనీ ఏర్పడెను. జుమ్మాచెఱువు దాపున బురదనేల చవుకగా దొరకెను. దానిని మట్టిపోసి మెఱక చేయవలసి వచ్చెను. ఆ యూరి మార్వాడీ షాహుకారొకడు ధనసహాయము అడుగగా, బంగారమును నేలలో పూడ్చుటకు తాను సిద్ధముగ లేనని నిరాకరించెనట. కొన్నేండ్ల పిదప ఆ షాహుకారే, టాటా పూడ్చినది మన్ను, త్రవ్వి తీసినది బంగారమని యొప్పుకొనెనని చెప్పుదురు. 1877 జనవరి 1వ తేదీన మిల్లు తెఱువబడెను. విక్టోరియా రాణి భారత చక్రవర్తినిగా ప్రకటింపబడిన దినమది. అందుచేత దానికి ఎంప్రెస్ మిల్లు అను పేరు వచ్చెను.

నిర్వాహకుని యెన్నిక

మిల్లు నడుపుటకు జంషెడ్జీ యెన్నుకొనినవాడు బెజన్‌జీ మెహతా. ఆయన రైల్వేలో సరకుల విభాగమున ఉద్యోగి. నూలు వడకుటను గూర్చి ఆయనకేమియు తెలియదు. ఈ నియామకము చూచి పలువురు ఆశ్చర్యపడియుందురు. కాని సరకుల విభాగమున పనిచేసినవానికి కాలనియమము తెలియును. లెక్క తెలియును. వందలకొలది కూలీలచేత తగవు లేక పనిచేయించు నేర్పు తెలియును. నూలుశాస్త్రము చెప్పుటకు లాంకషైరు నుండి బ్రూక్స్‌బీ యను నిపుణుడు వచ్చెను. ఒకడు మనుష్యులను ఎఱిగినవాడు, ఒకడు యంత్రములను ఎఱిగినవాడు. ఈ యిద్దఱిని జతపఱచి, జంషెడ్జీ వారికి అధికారమిచ్చి వెనుకకు జరిగెను. తాను బొంబాయిలో నుండియు, తఱచు నాగపూరు వచ్చి చూచుచు నుండెను గాని ప్రతి చిన్నపనిలో వ్రేలు పెట్టలేదు. యజమానునకు ఇది మిక్కిలి కష్టమైన తపస్సు. నమ్మి యప్పగించిన పిదప చేతులు కట్టుకొని చూచుట యెంత దుర్లభమో ఉమ్మడి వ్యాపారములు చేయువారికి చెప్పనక్కఱలేదు.

పట్టభద్రులైన యువకులను మిల్లునకు తెచ్చి, వారిచే ఒక్కొక్క విభాగమున పని నేర్పించి, రేపటి యధికారులుగా తయారుచేయు పద్ధతిని కూడ ఆయన యేర్పఱచెను. పనివాడు పనిచేయుచునే నేర్వవలెను. నేర్పువాడు తన తరువాతివానిని సిద్ధపఱుపవలెను. ఏ సంస్థకైనను వంశాభివృద్ధి ఇదియే.

యంత్రముల క్షేమము

ఎంప్రెస్ మిల్లు కథ మొదటినుండియు జయప్రదమని తలపరాదు. తొలుత కొనిన యంత్రములు చవుకవి. నాసిరకపు నూలు వచ్చెను. వాటాల వెల తగ్గెను. మెహతా, బ్రూక్స్‌బీలు మంచి యంత్రములు కావలెనని కోరగా జంషెడ్జీ లాభమును పంచుటకంటె యంత్రములను మార్చుటయే ముందని నిశ్చయించెను. వచ్చిన లాభమునుండి అరుగుదలకై కొంత తీసి ప్రక్కనుంచుట అనేక మిల్లులు ఎఱుగని యలవాటు. లాభాంశము హెచ్చుగ పంచి వాటాదారుల మెప్పు పొందుట సులభము. పది సంవత్సరముల పిదప అరిగిన యంత్రముల నడుమ కూర్చుండి విచారించుటయు సులభమే.

1883 ప్రాంతమున రింగు కదురు అను క్రొత్త యంత్రము వచ్చెను. పాత పద్ధతికంటె దానియందు కదురు మిక్కిలి వేగముగ తిరుగును. దారము ఎడతెగక వచ్చును. పని నేర్చుటయు తేలిక. దానిని ప్రపంచమునకు యంత్రములు అమ్ము లాంకషైరే అప్పటికి సందేహముతో చూచుచుండెను. జంషెడ్జీ మొదట కొలది యంత్రములు మాత్రము తెప్పించి నాగపూరులో పరీక్షింపజేసెను. ఫలితములు చూచిన పిదపనే మిల్లంతటను వానిని వ్యాపింపజేసెను. ఈ క్రమమును చదువరులు గమనింపవలయును. క్రొత్తదని త్రోసివేయలేదు, క్రొత్తదని మోహపడనులేదు. చిన్న కొలతలో పరీక్షించి, లెక్క చూచి, పిమ్మట ధైర్యముగ ముందడుగు వేసెను. నిప్పు పుట్టినపుడు తనంతట నీరు చిమ్ము గొట్టములను, వేసవిలో గాలికి చెమ్మనిచ్చు పరికరములను మనదేశపు మిల్లులలో ముందుగా పెట్టించినవారిలో ఆయన యొకడు. చెమ్మగాలివలన దారము తెగదు, పనివానికి ఊపిరియు ఆడును. యంత్రక్షేమము, మానవక్షేమము ఒక్క యుపాయముచేతనే సిద్ధించెను.

పనివారి క్షేమము

ఇప్పుడు ఈ చరిత్రమునకు ప్రాణమైన విషయమునకు వచ్చుచున్నాను. నాగపూరు పనివారు పల్లెలనుండి వచ్చినవారు. పంట కాలము, పండుగ, పెండ్లి, చావు, ఏది వచ్చినను పని మానుచుండిరి. దినమునకు ఎందఱు వత్తురో తెలియదు. కదుళ్లు ఊరక నిలిచియుండెను. ఇట్టి స్థితిలో ఆనాటి మిల్లు యజమానులు ఎఱిగిన మందు ఒక్కటే: జుల్మానా. రానివాని కూలి కోయుట, ఆలస్యముగ వచ్చినవానిని గదిమి తఱుముట.

జంషెడ్జీ వేఱుత్రోవ త్రొక్కెను. మనుష్యుడు ఎందుచేత నిలువడు అని విచారించెను. నేటి కూలి తప్ప రేపటి భరోసా లేనివాడు మిల్లును తనదని తలపడు. కావున రేపటిని గూర్చిన భరోసా కల్పింపవలెను. 1886లో పింఛను నిధి యేర్పడెను. 1895లో పనిలో గాయపడినవారికి నష్టపరిహారమిచ్చు ఏర్పాటు జరిగెను. 1901లో ప్రావిడెంటు ఫండు ప్రారంభమయ్యెను. క్రమము తప్పక వచ్చినవారికిని, చక్కగ పనిచేసినవారికిని బహుమతులిచ్చు ఉత్సవములు జరుగుచుండెను. అలంకరించిన పందిళ్లలో, నలుగురి యెదుట, గడియారములు, గొలుసులు, వస్త్రములు పనివారికి పంచిపెట్టుచుండిరి. కుటుంబములతో వచ్చి చూచుచున్న జనులలో తన పేరు పిలువబడుట ఎంతటి గౌరవమో పల్లెటూరి మనస్సు నెఱిగినవారు ఊహింపగలరు.

ఈ సంవత్సరములను చట్టముల సంవత్సరములతో పోల్చి చూడవలెను. పనిలో గాయపడినవారికి పరిహారమీయవలెనను శాసనము మనదేశమున 1923లో వచ్చెను. ప్రావిడెంటు ఫండు శాసనము 1952లో వచ్చెను. అనగా మొదటిదానిని ఇరువదియెనిమిదేండ్లు ముందుగను, రెండవదానిని ఏబదియొక్క యేండ్లు ముందుగను ఒక వర్తకుడు తన గడప లోపల అమలు జరిపెను. ఎవరును నిర్బంధింపలేదు. చట్టము లేదు, సంఘము లేదు.

ఆయనను దేవునిగా నిలుపుట నా యుద్దేశము కాదు. ఆనాటి మిల్లులలో పొద్దు పొడిచినది మొదలు పొద్దు గ్రుంకువఱకు పని నడచుచుండెను. వయోజనులైన పురుషుల పనిగంటలకు హద్దు పెట్టిన శాసనము 1911 వఱకు రాలేదు. ఆ కాలపు నూలుపని నేటి కన్నులకు కఠినముగనే తోచును. అయినను అదే కాలమున, అదే యెండలో, తక్కిన యజమానులు చేయని పనులను ఈయన చేసెను. మనుష్యుని కొలుచుటకు అతని కాలమే కొలబద్ద.

స్వదేశీ మిల్లు: పరీక్ష

ఎంప్రెస్ మిల్లుతో కీర్తి వచ్చెను. కీర్తితోపాటు పరీక్షయు వచ్చెను. 1886లో బొంబాయి సమీపమున కుర్లాలోని ధరంసీ మిల్లు అమ్మకమునకు వచ్చెను. జంషెడ్జీ దానిని పండ్రెండున్నర లక్షలకు కొని స్వదేశీ మిల్లు అను పేరు పెట్టెను. వెల మిక్కిలి చవుక. కాని కొనిన తరువాత చూడగా యంత్రములు పుచ్చిపోయినవి. ఏది ముట్టినను విఱుగును. మరమ్మతు చేసినకొలది ఖర్చు పెఱిగెను. సరకు బాగులేదని ఫిర్యాదులు వచ్చెను. వాటాల వెల పడిపోయెను. టాటా పేరు చూచి ధనము పెట్టినవారు తలలు పట్టుకొనిరి. బ్యాంకు అప్పిచ్చుటకు వెనుదీసెను.

అలెగ్జాండ్రా మిల్లు నాటి యువకుడైనచో దీనిని ఏదో యొక వెలకు అమ్మి చేతులు కడుగుకొనియుండును. నలుబదియేడేండ్ల జంషెడ్జీ అట్లు చేయలేదు. కుటుంబమునకై కట్టిపెట్టిన ధనమును విడిపించెను. ఎంప్రెస్ మిల్లులోని తన వాటాలు కొన్ని యమ్మెను. ఆ సొమ్మును ఈ రోగిష్ఠి మిల్లులో పోసెను. నాగపూరులో తయారైన అనుభవశాలురను రప్పించెను. పాడైన యంత్రములను తీసివైచి మంచివి నిలిపెను. కొన్ని సంవత్సరములకు స్వదేశీ మిల్లు నిలువద్రొక్కుకొని, దాని నూలు దూరప్రాచ్య దేశముల విపణులలో పేరు గాంచెను. నాగపూరున క్షేమముగ పెంచిన మనుష్యులే బొంబాయిలో యజమాని మాట నిలిపిరి. పనివారిపై పెట్టిన ధనము వ్యర్థమగునని వాదించువారికి ఇంతకంటె సమాధానమేమి కావలెను?

ఈ మిల్లుతోనే ఆయన మఱియొక సంస్కారము చేసెను. ఆ కాలమున మిల్లుల ఏజెంట్లు ఉత్పత్తియైన ప్రతి పౌను నూలుకు పావు అణా చొప్పున కమీషను తీసికొనుచుండిరి. నూలు అమ్ముడుపోనీ, గిడ్డంగిలో కుళ్లనీ, వాటాదారులకు నష్టము రానీ, ఏజెంటు కమీషను ఏజెంటుకు ముట్టును. జంషెడ్జీ స్వదేశీ మిల్లున ఉత్పత్తిపై కమీషను విడిచి, లాభముపై నూటికి పది చొప్పున మాత్రమే తీసికొనుటకు ఒప్పుకొనెను. లాభము లేకున్న తనకును లేదు. నడుపువాని లాభమును, ధనము పెట్టినవాని లాభమును ఒక్క త్రాటితో కట్టివేసినచో మోసమునకు చోటుండదు. నిర్వహణశాస్త్రమున నేడు పెద్దగ్రంథములుగ వ్రాయబడు విషయము ఈ యొక్క ఒడంబడికలో ఇమిడియున్నది.

ఓటమి

ఆయన గెలువని పోరాటములును కలవు. మన నూలు చైనా, జపానులకు పోవు ఓడల కిరాయిని పి. అండ్ ఓ. మొదలైన కంపెనీలు కలిసి నిర్ణయించుచుండెను. టన్నుకు 19 రూపాయలు చెల్లింపవలసి వచ్చుచుండెను. 1893లో జంషెడ్జీ జపాను పోయి, అచ్చటి ఓడల కంపెనీతో ఒప్పందము చేసికొని, 12 రూపాయల కిరాయితో సొంతముగ ఓడలు నడిపెను. పెద్ద కంపెనీలు తమ కిరాయిని పాతాళమునకు దింపెను. మొదట జయజయధ్వానములు చేసిన తోడి మిల్లు యజమానులు తాత్కాలికమైన చవుకకు ఆశపడి ఒక్కొక్కరే జాఱిపోయిరి. ఓడలు నిలిచిపోయెను. లక్షకు పైగా నష్టము వచ్చెను. ఒక్కని ధైర్యము పదిమంది ఐకమత్యమునకు బదులు కాజాలదని ఈ ఘట్టము తెలుపుచున్నది. సంఘముగా కూడి పనిచేయదలచిన వర్తకులు దీనిని పదేపదే తలంపవలయును.

విద్య, ఉక్కు

ఆ యేడే జపానునుండి కెనడాకు పోవు ఓడలో ఆయనకు వివేకానందస్వామితో పరిచయమయ్యెను. దేశమునకు శాస్త్రవిద్య కావలెనను చింత ఆయనను చాలకాలమునుండి బాధించుచుండెను. 1892లోనే ప్రతిభావంతులైన విద్యార్థులు విదేశములలో చదువుటకు నిధి యేర్పఱచెను. 1898లో పరిశోధనాపీఠమునకై సుమారు ముప్పది లక్షల రూపాయల ఆస్తి ఇచ్చుటకు ముందుకు వచ్చెను. మైసూరు ప్రభుత్వము బెంగుళూరులో 371 ఎకరముల భూమి యిచ్చెను. అదియే భారత విజ్ఞానశాస్త్ర సంస్థ. అది 1909లో ఏర్పడి, 1911లో పాఠములు ప్రారంభించెను. దాత యప్పటికి జీవించి లేడు.

ఉక్కు విషయమును అట్టిదే. 1882లో చాందా సీమలోని ఇనుపరాతిని గూర్చి యొక జర్మను నిపుణుని నివేదిక చదివిననాటినుండి ఆ కోరిక ఆయనను విడువలేదు. గనుల నిబంధనలు అడ్డుపడెను. 1899లో అవి సడలిన పిదప, అఱువదియేండ్లు దాటిన వయస్సున 1902లో అమెరికా పోయి, ఉక్కు కర్మాగారములను కన్నులార చూచి, పెరిన్ అను నిపుణుని ఒప్పించి వచ్చెను. ఆ సంవత్సరముననే కుమారుడు దోరాబ్జీకి వ్రాసిన జాబులో, ఇంకను స్థలమైనను నిర్ణయింపబడని కర్మాగారపు బస్తీని గూర్చి సూచనలిచ్చెను. వీథులు విశాలముగ నుండవలెను, త్వరగా పెఱుగు నీడచెట్లు నాటవలెను, ఆటస్థలములు వదలవలెను, అన్ని మతములవారికి ప్రార్థనాస్థలములు ఉండవలెను అని దాని సారాంశము. కొలిమికి ముందే కాపురమును తలచిన యజమాని యీయన. 1904 మే 19వ తేదీన జర్మనీలోని బాద్ నౌహైం పట్టణమున ఆయన కన్నుమూసెను.

1907లో కుమారులు కంపెనీ స్థాపించినపుడు, మూడు వారములలో సుమారు ఎనిమిదివేలమంది మనదేశీయులు వాటాలు కొని మూలధనము నింపిరి. 1865లో లండనున ఋణదాతలకు నిజము చెప్పిన యువకుని మాట, ఆయన పోయిన మూడేండ్లకు ఈ విధముగ ఫలించెను. 1912లో సాక్చీలో ఉక్కు పుట్టెను. ఆ యేడే అచ్చట ఎనిమిది గంటల పనిదినము ప్రవేశపెట్టబడెను. 1919లో ఆ యూరికి జంషెడ్‌పూరు అను పేరు వచ్చెను. మన ఉత్తరాంధ్ర జిల్లాలనుండియు, గంజాం సీమనుండియు పోయిన తెలుగు కుటుంబములు అచ్చట తరతరములుగ నివసించుచున్నవి.

క్షేమము ఒకనాటి పని కాదు

స్థాపకుని సుకృతము సంస్థకు శాశ్వత కవచమగునా? కాదు. ఆ జంషెడ్‌పూరులోనే 1920లోను, 1922లోను, 1928లోను సమ్మెలు జరిగెను. నూఱేండ్లకు పైగా నడచిన ఎంప్రెస్ మిల్లు 1986లో టాటాల చేతినుండి ప్రభుత్వ వస్త్రసంస్థకు పోయి, తుదకు మూతపడెను. కాలము మాఱును, యంత్రము అరుగును, పనివాని యవసరములు మాఱును. నిన్నటి క్షేమము నేటికి చాలదు. దీపమునకు నూనె దినదినము పోయవలసినట్లే ఏ తరమువారు ఆ తరమున మఱల విచారించి చేయవలసిన పని యిది.

ఇది లక్షాధికారులకు మాత్రమే సాధ్యమని కొందఱందురు. అట్లనువారు ఎంప్రెస్ మిల్లు పింఛను నిధి పుట్టునాటికి ఆ మిల్లు వయస్సు తొమ్మిదేండ్లేయని మఱవరాదు. నలుగురు గుమాస్తాలున్న దుకాణములో సరకు ఎచ్చట చవుకగా చేరునో లెక్క వేయుటకు లక్షలు అక్కఱలేదు. రాబడినుండి అరుగుదలకై కొంత తీసియుంచుటకు, నమ్మినవానికి తాళపుచెవి యిచ్చి సందేహింపక యుండుటకు, క్రొత్త యంత్రమును చిన్న కొలతలో పరీక్షించి చూచుటకు, ఏండ్లకొలది నమ్మకముగ పనిచేసిన ముసలి గుమాస్తాను వట్టిచేతులతో పంపకుండుటకు లక్షలు అక్కఱలేదు. పెట్టుబడి పెట్టిన బంధువునకు లాభనష్టములు ఉన్నదున్నట్లు చూపుటకు అసలే ఖర్చు లేదు. కావలసినది నిశ్చయము మాత్రమే.

పనివాని క్షేమము దానము కాదు, అది వ్యాపారమున ఒక భాగమని జంషెడ్జీ జీవితము చెప్పుచున్నది. దానము యజమాని మనస్సు మాఱినపుడు ఆగిపోవును. వ్యవస్థగా కట్టినది యజమాని పోయిన తరువాతను నడచును. ఈ మహాసభకు విచ్చేసిన వారిలో వర్తకులు కలరు, మిల్లులు నడుపువారు కలరు, ఉద్యోగములకై చూచు యువకులు కలరు. మీరు ఇండ్లకు పోయి బంధువులకు జాబు వ్రాయునపుడు యోగక్షేమములను మాట తప్పక వ్రాయుదురు. ఆ మాటనే మీ కొట్టులో పనిచేయువానిని చూచి యొకసారి తలంపుడు. అతని క్షేమము విచారించిననాడు మీ యోగము స్థిరపడును.